రాణివాసం, వంటిల్లు, వెండితెర: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి అందిన ఉత్తరాలలో చాలావాటిది ఒకే వరస. సినిమాలలో రాణులు ఎలా కనబడుతున్నారు, మామూలు ఇల్లాళ్ళు ఎలా కనబడుతున్నారు, ఆ రెండింటిలో నిజం పాలెంత అని అడిగినవారే ఎక్కువ. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సినిమాలలో రాణులు పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా కిరీటాలతో, నిండు నగలతో, పట్టుబట్టలతోనే ఉంటారు. బట్టలు కుట్టి బతికే మనిషిని కనుక నాకు ఈ అనుమానం వచ్చింది. నిజంగా వారు రోజంతా అలాగే ఉండేవారా?

జవాబు: ఉండేవారు కారు. ఈ పొరపాటుకు మూలం చాలావరకు చిత్రపటాలలో ఉంది. రాజకుటుంబాల స్త్రీలు చిత్రకారుడి ఎదుట కూర్చున్నది పట్టాభిషేకానికో పెళ్ళికో వేసుకున్న దుస్తులలో. రెండు మూడు వందల ఏళ్ళు గడిచాక సినిమాకు దుస్తులు సిద్ధం చేసేవారికి తేలికగా చేతికందే ఆధారం ఆ పటమే కాబట్టి, ఆమె బతుకులో ఏ నాలుగైదుసార్లో ఒంటిమీదికి వచ్చిన బరువు తెరమీద నిత్యం కట్టుకునే బట్ట అయి కూర్చుంటుంది. పెళ్ళి ఫోటో ఒక్కటే చూసిన మనవరాలు, అమ్మమ్మ జీవితమంతా బాసికంతోనే తిరిగిందనుకోవడం లాంటిది ఇది.

అయితే నగల సంగతి చిన్నది. నన్ను అంతకన్నా ఇబ్బంది పెట్టేది, తెరమీది రాణికి దొరికే ఏకాంతం. కష్టం వచ్చినప్పుడల్లా ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి ఒంటరిగా నిలబడి చీకట్లోకి చూస్తుంది. అసలు రాణులలో ఎక్కువమందికి లేనిది సరిగ్గా ఆ ఒంటరి కిటికీయే. 1770లో పద్నాలుగేళ్ళ వయసులో ఫ్రాన్సు రాజకుటుంబానికి కోడలిగా వెళ్ళిన మేరీ ఆంత్వానెత్ విషయమే చూడండి. ఆమె కొలువులో పనిచేసిన మదామ్ కాంపాన్ తన జ్ఞాపకాలలో ఒక చలికాలపు ఉదయాన్ని వర్ణించింది. రాణికి లోపలి చొక్కా అందించే గౌరవం, ఆ సమయానికి గదిలో ఉన్నవారిలో హోదాలో అందరికన్నా పెద్దదైన స్త్రీకి చెందుతుంది. ఒకరు అందించబోతుండగా అంతకన్నా పెద్ద హోదా గల మరొకరు గదిలోకి రావడం, చొక్కా ఆమె చేతికి మారడం, ఈలోగా ఇంకొకరు తలుపు తట్టడం, ఇలా మర్యాద ప్రకారం బట్ట చేతులు మారుతూ ఉంటే, ఫ్రాన్సు మహారాణి ఒంటిమీద ఏమీ లేకుండా చేతులు కట్టుకొని వణుకుతూ నిలబడింది. 1778లో ఆమె తొలి కాన్పు సమయంలో ఆచారం ప్రకారం గదిలోకి జనాన్ని విడవగా, ఆ ఊపిరాడని గుంపు మధ్య ఆమె స్పృహ తప్పిందని కూడా కాంపాన్ రాసింది.

సోఫియా కొప్పోలా 2006లో ఈ రాణి మీద తీసిన సినిమాలో చొక్కా సంగతి ఉంది. అదే సినిమాలో రాణి పాదరక్షల మధ్య మన కాలపు కాన్వాసు బూట్ల జత క్షణకాలం కనబడుతుంది. అది తెలిసి పెట్టినదే అయినా, దాన్ని పట్టుకొని ఎద్దేవా చేసినవారున్నారు. నా మటుకు నాకు ఆ బూట్ల తప్పు కన్నా ఈ చొక్కా ఒప్పు చాలా పెద్దది.

ప్రశ్న: రాణి కథ అనగానే అయితే ప్రేమకథ, లేకపోతే యుద్ధం. చరిత్ర చదువుకుంటున్న విద్యార్థినిగా అడుగుతున్నాను, వారి జీవితాలలో మూడోది ఏదీ లేదా?

జవాబు: ఉంది, దాని పేరు పని. సినిమా, రాణికి మొదట ఊడగొట్టేది కొలువునే.

అక్బరు రాజపుత్ర భార్యను తీసుకోండి. 1562లో పెళ్ళి అయి, తరువాత మరియం ఉజ్ జమానీ అనే బిరుదుతో ప్రసిద్ధురాలైన ఈమె సొంత పేరును అక్బర్‌నామా చెప్పలేదు. ‘జోధా’ అన్నది తరువాతి కాలంలో ఆమెకు అంటుకున్న పేరు. 1960 నాటి ‘మొఘల్-ఎ-ఆజం’లో ఆమె భర్తకూ కొడుక్కూ మధ్య నలిగే తల్లి. 2008 నాటి ‘జోధా అక్బర్’లో ఆమె తన మతాన్నీ గౌరవాన్నీ నిలబెట్టుకుంటూ భర్త ప్రేమను పొందే నవవధువు. రెండూ కొట్టిపారేయదగిన చిత్రాలు కావు. కాని ఈమెకు ఓడలు ఉండేవన్న సంగతి ఈ రెండు సినిమాలు చూసినవారిలో ఎందరికి తెలుసు? సూరత్ రేవు నుంచి ఎర్రసముద్రం వైపు సరుకునూ హజ్ యాత్రికులనూ తీసుకుపోయే ‘రహీమీ’ అనే పెద్ద ఓడ ఆమెది. 1613లో పోర్చుగీసువారు దాన్ని పట్టుకున్నప్పుడు, అప్పటికి చక్రవర్తిగా ఉన్న ఆమె కొడుకు జహంగీరు దాన్ని సామ్రాజ్యానికి జరిగిన అవమానంగా భావించి వారి మీద చర్యలకు దిగాడు. ఆమె ముద్రతో వెలువడిన ఉత్తరువులు నేటికీ మిగిలి ఉన్నాయి. సరుకు లెక్క చూసుకొని, ఓడ ఇంకా తిరిగి రాలేదని ఆందోళనపడే ఒక వృద్ధ రాజమాతను ఊహించుకోండి. కత్తియుద్ధం ఒక్కటీ లేకుండానే ఉత్కంఠ ఉన్న కథ అది. అయినా పరదా చాటున స్త్రీ అంటే పెదవి విప్పని స్త్రీ అని మనం ముందే తీర్మానించుకున్నాం కనుక, అలాంటి పాత్ర రాసేవారి ఊహకు అందదు.

ఝాన్సీ లక్ష్మీబాయి విషయంలోనూ ఇదే జరిగింది. 1853 నవంబరులో భర్త చనిపోయిన నాటి నుంచి 1857 తిరుగుబాటు దాకా గడిచిన కాలంలో ఆమె ఆయుధం కత్తి కాదు, కాగితం. దత్తపుత్రుడి హక్కు చెల్లుతుందని వాదిస్తూ కంపెనీకి వినతి మీద వినతి పంపింది, 1854లో జాన్ లాంగ్ అనే న్యాయవాదిని పిలిపించి సలహా తీసుకుంది. పాత ఒప్పందాలలోని మాటలను కంపెనీకే తిప్పి అప్పజెప్పిన ఆ తెలివి తెరమీద ఒకటి రెండు సన్నివేశాలకు మించదు, గుర్రమెక్కాక మాత్రం సినిమా ఆగదు. బిడ్డను వీపున కట్టుకున్న వీరనారి బొమ్మను నేను తక్కువ చేయడం లేదు. ఆమె గుర్రమెక్కవలసి రావడానికి ముందు ఎన్ని తలుపులు తట్టిందో చూపిస్తే ఆ బొమ్మ ఇంకా బరువెక్కుతుందని నా అభిప్రాయం.

మన రుద్రమదేవి సంగతి కొంత వేరు. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అని పురుషనామంతో పేర్కొన్నాయి కాబట్టి, 2015లో వచ్చిన తెలుగు చిత్రం ఆమెను కొడుకుగా పెంచిన రహస్యం చుట్టూ కథ అల్లుకోవడానికి ఆధారం లేకపోలేదు. ఆ రహస్యం సినిమాకు రక్తి కట్టిస్తుంది కూడా. అయితే ఆమె సుమారు పాతికేళ్ళు పాలించింది. మోటుపల్లి రేవును తన రచనలో ప్రస్తావించిన మార్కో పోలో, ఆమెను రాజుగారి కూతురనక భార్య అని పొరబడ్డాడు గాని, ఆమె న్యాయంగా పాలించిందన్న మాట మాత్రం రాసుకున్నాడు. ఆమె మరణాన్ని తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనం దొరికేదాకా ఆమె ఎప్పుడు పోయిందన్నది కూడా తేలలేదు. ఆమె ఆడదన్న సంగతి బయటపడే సన్నివేశం మన దర్శకులకు పతాక సన్నివేశంగా తోస్తుంది. ఆ మర్నాడు ఉదయం ఆమె కొలువుకు వచ్చి ఏ తగవు తీర్చింది, సామంతులలో ఎవరు లేచి నిలబడ్డారు, ఎవరు కూర్చునే ఉండిపోయారు అన్నది నాకు అంతకన్నా ఆసక్తికరం.

ప్రశ్న: ఆస్ట్రియా రాణి ఎలిజబెత్ మీద పాత సినిమా చూశాను, ఈమధ్య వచ్చినదీ చూశాను. ఒకదానిలో ఆమె పువ్వులా ఉంది, మరొకదానిలో ముల్లులా ఉంది. ఏది నిజం?

జవాబు: సినిమా రాణి కాలాన్ని చెప్పినంతగా తాను పుట్టిన కాలాన్నీ చెబుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. రోమీ ష్నైడర్ ఎలిజబెత్‌గా నటించిన ‘సిస్సీ’ చిత్రాలు మూడు వరుసగా 1955, 1956, 1957లలో వచ్చాయి. యుద్ధానంతరం పదేళ్ళపాటు నాలుగు దేశాల సైన్యాల అధీనంలో ఉన్న ఆస్ట్రియా మళ్ళీ స్వతంత్రమైనది 1955లోనే. దెబ్బతిన్న దేశానికి కొండలు, పూలు, నాట్యశాలలు, అత్తగారి కాఠిన్యాన్ని చిరునవ్వుతో గెలిచే కోడలు కావలసి వచ్చాయి, దొరికాయి. ‘కోర్సాజ్’ 2022 నాటిది. అందులో ఆమెకు నలభై ఏళ్ళు నిండుతాయి. నడుము బిగించే కట్టు, తూకం వేసుకునే తిండి, వయసు మీద లోకం వేసిన కళ్ళు, ఇవి కథను నడిపిస్తాయి. నిజమైన ఎలిజబెత్ 1898లో జెనీవాలో హత్యకు గురైంది. ఈ చిత్రం మాత్రం తెలిసే వేరే ముగింపు రాసుకుంది, కనుక దానిని చరిత్ర పాఠంగా చూడకూడదు.

నన్ను అడిగితే ఈ రెండింటికీ మధ్య మూడో సినిమా ఒకటుంది. 1973లో ఇటలీ దర్శకుడు విస్కోంతి తీసిన ‘లుడ్విగ్’లో అదే రోమీ ష్నైడర్ మళ్ళీ అదే రాణిగా నటించింది. పదిహేడేళ్ళ వయసులో తనకు అంటగట్టిన తీపి ముద్రను, ముప్పై దాటాక తానే తుడిచేసుకున్నట్టు కనబడుతుంది ఆమె ఆ పాత్రలో. ఒక పాత్రను ఒక నటి ఇలా తిరగరాసుకున్న సందర్భాలు అరుదు.

ప్రశ్న: మా అమ్మ ముప్పై ఏళ్ళు చేసిన చాకిరీని సినిమావాళ్ళు ఒక పాటలో చుట్టేస్తారు. పాట మొదట్లో పిల్లవాడు పలక పట్టుకుంటాడు, చివర్లో ఉద్యోగం తెచ్చుకుంటాడు. ఇంతకన్నా వేరే మార్గం లేదా?

జవాబు: ఉందని 1975లోనే ఒకరు నిరూపించారు. బెల్జియం దర్శకురాలు శాంతాల్ ఆకెర్మాన్ పాతికేళ్ళ వయసులో తీసిన ‘జాన్ డీల్మాన్’ అనే చిత్రం మూడు గంటల ఇరవై నిమిషాలు నడుస్తుంది. పూర్తి పేరులో ఆమె ఇంటి చిరునామా కూడా ఉంటుంది. కథ ఒక నడివయసు వితంతువు జీవితంలోని మూడు రోజులు. ఆమె వంట చేస్తుంది, గిన్నెలు తోముతుంది, పక్క సర్దుతుంది, గది దాటినప్పుడల్లా దీపం ఆర్పుతుంది, చదువుకుంటున్న కొడుక్కి వడ్డిస్తుంది, ఇల్లు గడవడానికి మధ్యాహ్నం వేళ ఒంటిని అమ్ముకుంటుంది. కెమెరా కదలదు, ఆమె గిన్నెలు తోమినంతసేపూ మనమూ ఆమె వీపు చూస్తూ కూర్చుంటాం. మొదటి రోజు విసుగనిపిస్తుంది, ఒప్పుకుంటాను. రెండో రోజు బంగాళాదుంపలు కాస్త ఎక్కువ ఉడికి చెడిపోతాయి. వేరే సినిమాలో అది గమనించదగిన విషయమే కాదు. ఇక్కడ మాత్రం ఆ క్షణంలో మన గుండె దడ పెరుగుతుంది. ఎందుకంటే అప్పటికి ఆమె క్రమం మనకు కంఠతా వచ్చింది, అది తప్పితే ఏదో కూలబోతోందని మనకు తెలుసు. 2022లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల మధ్య జరిపిన ఎన్నికలో ఈ చిత్రం ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. ఒక స్త్రీ తీసిన సినిమా ఆ స్థానానికి రావడం అదే తొలిసారి.

మీ ఫిర్యాదు సరైనదే. రాణి దగ్గర పనిని తీసేసుకున్న సినిమా, సామాన్యురాలి దగ్గర కాలాన్ని తీసేసుకుంటుంది. ఇంటిపని బరువంతా అది మళ్ళీ మళ్ళీ చేయవలసి రావడంలో ఉంది. ఒక్కసారి నీళ్ళు మోస్తే అది కష్టం కాదు, పదివేల సార్లు మోస్తేనే కష్టం. పాట ఆ పదివేలనూ మూడుకు తగ్గించి, మూడింటినీ అందంగా చూపిస్తుంది.

కాలాన్ని తీసేయడానికి పాటొక్కటే మార్గం కాదు, పూజ ఇంకొకటి. 1957 నాటి ‘మదర్ ఇండియా’లో రాధ పడే శ్రమ నిజమైన శ్రమే. ఎద్దులు లేక కాడి తానే మోసిన ఆ దృశ్యం, ఆ బురద, ఆ వరద మరపురానివి. కాని సినిమా ముందుకు సాగేకొద్దీ ఆమె ఒక పల్లెటూరి రైతు స్త్రీగా ఉండడం మానేసి దేశమాతగా మారుతుంది. దేవతకు నడుము నొప్పి ఉండదు, అప్పు తీర్చే గడువు ఉండదు, ఒకరోజు ఏమీ చేయబుద్ధి కాకపోవడమూ ఉండదు. దానికి రెండేళ్ళ ముందు వచ్చిన ‘పథేర్ పాంచాలి’లో సర్వజయ నాకు ఎక్కువ మనిషిగా తోస్తుంది. చాలీచాలని ఇంట్లో ఆమె ముసలి ఆడపడుచును విసుక్కుంటుంది, పొమ్మంటుంది, ఆ తరువాత ఏమవుతుందో చూసి తలదించుకుంటుంది. పేదరికం మనిషిని ఎప్పుడూ ఉదాత్తురాలిని చేయదు, కొన్నిసార్లు చిన్నబుద్ధిని కూడా నేర్పుతుంది. మంచితనమొక్కటే అర్హతగా పెట్టి సామాన్య స్త్రీని తెరమీదికి రానిస్తే, ఆమె సామాన్యత సగం బయటే ఉండిపోతుంది.

ప్రశ్న: రాణి, పరిచారిక ఇద్దరూ ఒకే సన్నివేశంలో ఉంటే కెమెరా ఎప్పుడూ రాణి మీదే ఎందుకు ఉంటుంది?

జవాబు: కథ ఎవరిదో ముందే నిర్ణయమైపోయింది కనుక. చాలా రాణుల సినిమాలలో చెలికత్తెకు పేరుంటే గొప్ప. ఆమె తల దువ్వుతుంది, రహస్యం వింటుంది, ఉత్తరం చేరవేస్తుంది, ఆనక తెరమీదినుంచి తప్పుకుంటుంది. ఆమె రాత్రి ఎక్కడ పడుకుంటుందో ఏ సినిమా చెప్పదు.

చెప్పినవి లేకపోలేదు. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’లో కథంతా గడీలో జరుగుతుంది. పెళ్ళికూతురితో పాటు దాసీలను కూడా అత్తవారింటికి పంపే ఆచారం ఉన్న నాటి తెలంగాణ అది. కెమెరా మాత్రం కమలాక్షి అనే దాసిని వదలదు. దొర వల్ల ఆమెకు నిలిచిన గర్భాన్ని తీయించేది దొరసాని. ఆ దొరసాని రాక్షసి కాదు, నగల బరువు కింద తాను కూడా ఆ గోడలకు కట్టుబడిన మనిషే. అయినా ఆమెకు తన కింద ఒక మనిషి ఉంది, కమలాక్షికి ఎవరూ లేరు. ఇద్దరూ స్త్రీలే కనుక ఇద్దరి కష్టమూ ఒకటేననే తేలికపాటి ఓదార్పును ఆ సినిమా మనకు ఇవ్వదు. ఈ పాత్రకు అర్చన ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం అందుకున్నారు.

మెక్సికో దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్ తనను పెంచిన పనిమనిషిని తలచుకుంటూ 2018లో తీసిన ‘రోమా’లోనూ ఇలాంటి ఘట్టం ఒకటుంది. ఇంటివాళ్ళంతా టీవీ చూస్తున్నప్పుడు క్లియో వారి పక్కనే కింద కూర్చుంటుంది. పిల్లవాడు ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. ఒక్క నిమిషం ఆమె ఆ కుటుంబంలో మనిషే. అంతలో అయ్యగారికి టీ తెమ్మని మాట వినిపిస్తుంది, ఆమె లేచి వెళుతుంది. ఆ నిమిషం, ఆ లేవడం రెండూ ఎంత నిజమో ఏ ఇంట్లోనైనా పనిచేసినవారికి విడిగా చెప్పనక్కరలేదు.

ప్రశ్న: స్త్రీలు దర్శకత్వం వహిస్తే ఈ లోపాలన్నీ పోతాయా?

జవాబు: అన్నీ పోవు. పైన చెప్పిన ‘దాసి’, ‘పథేర్ పాంచాలి’ పురుషులు తీసినవి. అయితే చలికి వణికే రాణిని, ఉడికి చెడిన బంగాళాదుంపను కథగా చూడగలిగినవారు ఇద్దరూ స్త్రీలే అన్నది కాకతాళీయం కాదనుకుంటాను.

ప్రశ్న: మీ చేతిలో ఉంటే ఏ రాజవంశ స్త్రీ జీవితాన్ని సినిమాగా తీయిస్తారు?

జవాబు: గుల్బదన్ బేగంను. బాబరు కూతురు, హుమాయూను చెల్లెలు, అక్బరుకు మేనత్త. మేనల్లుడు కోరగా తాను చూసినవీ విన్నవీ కలిపి ‘హుమాయూన్‌నామా’ రాసింది. రాజుల చరిత్రకారులకు పట్టని విషయాలన్నీ ఆమెకు పట్టాయి: విందులో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, పారిపోతున్నప్పుడు ఎవరు ఏ గుర్రం ఇచ్చారు, ఏ బిడ్డ ఎప్పుడు పోయింది. 1539లో చౌసా దగ్గర హుమాయూను ఓడిపోయినప్పుడు గల్లంతైన స్త్రీల పేర్లను ఆమె వరుసగా రాసుకుంది, వారిలో అకీకా అనే చిన్నపిల్ల కూడా ఉంది. హమీదా బాను చక్రవర్తిని పెళ్ళాడడానికి నలభై రోజుల పాటు ఒప్పుకోలేదని, తన చెయ్యి అందేంత ఎత్తులో ఉన్న మనిషినే తప్ప, అంగీ అంచుకు కూడా అందనివాణ్ణి చేసుకోనని అన్నదని మనకు తెలిపింది కూడా ఈమే. యాభై దాటిన వయసులో ఈమె రాణివాసపు స్త్రీలను వెంటబెట్టుకొని 1576లో సూరత్ నుంచి ఓడ ఎక్కి మక్కా వెళ్ళింది, 1582లో గాని తిరిగి రాలేదు.

ఈ కథలో యుద్ధాలు ఉన్నాయి, అయితే అవి డేరాల వైపు నుంచి కనబడతాయి. ప్రేమ ఉంది, అది ముందు కాదనడంతో మొదలవుతుంది. రాణులు, దాదులు, దాసీలు ఒకే ఒంటెల బారులో ఒకే దుమ్ము పీలుస్తూ ప్రయాణం చేస్తారు కనుక, కెమెరా ఎవరినీ వదిలిపెట్టలేదు. ముగింపు సంగతి అడుగుతారేమో. ఆమె పుస్తకానికి మనకు మిగిలిన రాతప్రతి ఒక వాక్యం మధ్యలో తెగిపోతుంది. నేనైతే సినిమాను కూడా అక్కడే ఆపమంటాను.